పామాయిల్ రైతుని ముంచింది ఆసియాన్ ఒప్పందమా, ఢిల్లీనా?

పెదవేగి రైతు

అందరికీ నమస్కారమండీ. మాది ఏలూరు జిల్లా, పదకొండు ఎకరాల పామాయిల్ తోట. మొన్న కాటా దగ్గర ట్రాక్టర్లు వరసలో ఆగిపోతే టీ తాగుతూ మాటల్లో పడ్డాం. మా పక్క తోట ఆయన ఎప్పుడూ ఒకటే పాట పాడతారు: "2009లో ఆసియాన్ అనే ఆగ్నేయాసియా దేశాల కూటమితో సుంకాలు తగ్గించే ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే మన పని అయిపోయింది. ఇండోనేషియా, మలేషియా నూనె వచ్చి పడుతుంటే మన గెలలు ఎవడికి కావాలి?"

నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. 2022 మే నెలలో టన్ను గెలలు 20 వేలు దాటినప్పుడు మా ఊళ్ళో వరి చేలు తీసేసి మరీ పామాయిల్ పెట్టారు. ఏడాది తిరిగేసరికి 13 వేల దరిదాపులకి వచ్చేసింది. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచాక మళ్ళీ లేచింది. 2025 మే ఆఖరులో సుంకం తగ్గించారు, మళ్ళీ గుబులు. ఒప్పందం మాత్రం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. మరి ధర ఇలా ఊగుతోందేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి. రాజకీయ పార్టీల గొడవ మాత్రం వద్దు, దండం పెడతా.

స్వదేశీ శ్రీను

బాబాయ్ గారూ, మీ పక్క తోట ఆయనే కరెక్ట్. నేను లెక్కలతో చెప్తా.

ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 2010-11లో ఆసియాన్‌తో మన వాణిజ్య లోటు, అంటే అమ్మిన దానికంటే ఎక్కువగా కొన్నది, సుమారు 5 బిలియన్ డాలర్లు. 2022-23కి 43 బిలియన్లు దాటింది. ఇది ఒప్పందం దెబ్బ కాకపోతే మరేంటి?

ఇక పామాయిల్ సంగతి. ముడి పామాయిల్ మీద సుంకం ఏటా తగ్గించుకుంటూ 2019 ఆఖరుకి 37.5 శాతానికి, రిఫైన్డ్ అయితే 45 శాతానికి తెస్తామని రాసిచ్చాం. మలేషియాతో 2011లో విడిగా ఇంకో ఒప్పందం చేసుకున్నాం. దాని పుణ్యమా అని 2019 జనవరిలో మలేషియా రిఫైన్డ్ నూనెకి 45, మిగతా దేశాలకి 50 శాతం అయింది. ఆ 5 శాతం తేడా చాలు, మలేషియా రిఫైన్డ్ నూనె వరదలా వచ్చింది. మన రిఫైనరీలు లబోదిబోమన్నాయి. సెప్టెంబరులో ఆ 5 శాతాన్ని రక్షణ సుంకం పేరుతో మళ్ళీ వేయాల్సి వచ్చింది.

శ్రీలంక కథ తెలుసుగా? 2000లో అమల్లోకి వచ్చిన ఒప్పందం సందు చూసుకుని అక్కణ్ణుంచి వనస్పతి దిగింది. శ్రీలంకలో అంత పామాయిల్ ఎక్కడ పండుతుంది? బయటి నూనె తెచ్చి, అక్కడ డాల్డా చేసి, ఇక్కడ సుంకం లేకుండా అమ్మారు.

కస్టమ్స్ కాయితం

విశాఖలో ఇరవై ఏళ్ళుగా దిగుమతి పత్రాలు చూసే పని నాది. శ్రీను గారు చెప్పిన 2019 సంగతి అక్షరాలా నిజం, కాదనను. కానీ ఆయన కథని మధ్యలో మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశారు.

ముందు జరిగింది చూడండి. 2008 ఏప్రిల్‌లో ధరలు పెరుగుతున్నాయని ముడి వంటనూనెల మీద సుంకం సున్నా చేశారు. ఒప్పందం మీద సంతకం 2009 ఆగస్టులో. అంటే సంతకానికి ఏడాది ముందే తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆ సున్నా 2013 దాకా నడిచింది. తర్వాత ముడి పామాయిల్ మీద మెల్లగా పెంచుకుంటూ 2018 మార్చికి 44 శాతం చేశారు. ఒప్పందం మన చెయ్యి నిజంగా పట్టుకుంది అక్కడే, 2019లో. 44ని 40కి, ఆ తర్వాత 37.5కి దించక తప్పలేదు.

ఆ తర్వాత ఏమైంది? 2020 నవంబరులో 27.5. 2021 అక్టోబరుకి బేసిక్ సుంకం సున్నా, సెస్సు మాత్రమే మిగిలింది. 2024 సెప్టెంబరులో అన్నీ కలిపి 27.5కి పెంచారు. 2025 మే ఆఖరున 16.5కి దించారు. ఒప్పందం ప్రకారం మనం 37.5 దాకా వేసుకోవచ్చు. 2021 అక్టోబరు తర్వాత ఒక్కసారైనా ఆ గీత దగ్గరికి వెళ్ళామా? ఆసియాన్ దేశాలేమీ మనల్ని సున్నా చేయమని అడగలేదు. అది ఢిల్లీలో, పండగల ముందు నూనె ధర చూసి తీసుకున్న నిర్ణయం.

శ్రీలంక వనస్పతి లాంటి సందుల గురించి ఒక మాట. 2020 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. సరుకు నిజంగా ఆ దేశంలోనే తయారైందా, విలువలో ఎంత శాతం అక్కడిది అనేదానికి దిగుమతిదారు దగ్గరే ఆధారాలు ఉండాలి. ఆసియాన్ సరుకుకైతే 35 శాతం విలువ ఆ దేశాలదై ఉండాలి. ఇదివరకు అక్కడి అధికారి ఇచ్చిన సర్టిఫికెట్ ముక్క ఉంటే చాలు. ఇప్పుడు మాకు ఫైళ్ళు మోయడమే సరిపోతోంది.

పిండివంటల పద్మ

రైతుల బాధ అర్థమవుతుంది అన్నయ్యగారూ, కానీ ఇటువైపు కూడా చూడండి. కూకట్‌పల్లిలో చిన్న పిండివంటల షాపు నాది. చేగోడీలు, జంతికలు, అరిసెలు. 2024 సెప్టెంబరులో సుంకం పెంచారని టీవీలో రాత్రి చూశా, తెల్లారేసరికి హోల్‌సేల్ కొట్టులో 15 లీటర్ల డబ్బా ధర మారిపోయింది. వాళ్ళ గోడౌన్లో ఉన్నది పాత ధరకి కొన్న సరుకే! దసరా ఆర్డర్లు అప్పటికే పాత రేటుకి ఒప్పేసుకున్నా. ఆ నెల ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు.

2025 మే నెలలో తగ్గించినప్పుడు మాత్రం డబ్బా ధర తగ్గడానికి వారాలు పట్టింది. పెరగడానికి రాత్రి చాలు, తగ్గడానికే ఎక్కడలేని సెలవులూ అడ్డొస్తాయి.

మనం తినే నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తున్నప్పుడు 37.5 శాతం వేసేయమంటే ఎలా? మీ పదకొండు ఎకరాల కోసం ఊరందరి మూకుడులో చెయ్యి పెడతారా?

పెదవేగి రైతు

అమ్మా పద్మ గారూ, మూకుడు మాట బాగుంది. కానీ పామాయిల్ మొక్క పెడితే గెల చూడటానికి నాలుగేళ్ళు. తర్వాత పాతికేళ్ళు ఆ నేలలో ఇంకో పంట ఉండదు. మీరు రేటు మారితే జంతికల ధర మార్చుకోగలరు, నేను తోట పీకలేను కదా. సుంకం ఎక్కువ వేయమని నేను అడగట్లేదు. ఎంత వేస్తారో అది పదేళ్ళు ఉంచమంటున్నా.

పేరాక్ తెలుగు

నమస్కారం. నేను మలేషియాలో పేరాక్ రాష్ట్రం, బాగాన్ డాతో దగ్గర ఉంటాను. మా తాతగారి నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి ఎస్టేట్ పనికి వచ్చారు. అప్పుడు కొబ్బరి, రబ్బరు. ఇప్పుడు మా ఇంటికి ఆరు ఎకరాల పామాయిల్ ఉంది. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి.

మీరందరూ మలేషియా అంటే పెద్ద కంపెనీలే అనుకుంటున్నారు. ఇక్కడ మాలాంటి చిన్న రైతులు చాలామంది. 2019 సెప్టెంబరులో మా ప్రధాని మహతీర్ ఐక్యరాజ్య సమితిలో కశ్మీర్ గురించి మాట్లాడారు. 2020 జనవరి 8న ఇండియా రిఫైన్డ్ పామాయిల్‌ని అనుమతి ఉంటేనే తెచ్చుకునే జాబితాలో పెట్టింది. మా మిల్లు వాళ్ళు వెంటనే గెలల ధర తగ్గించారు. రెండు ఒప్పందాలు చేతిలో ఉండి కూడా మమ్మల్ని ఎవరూ కాపాడలేదు.

2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా ఏం చేసిందో గుర్తుందా? తమ జనానికి నూనె చాలట్లేదని పామాయిల్ ఎగుమతులే ఆపేసింది. మూడు వారాలకి పైనే. రైతు గారూ, మీరు చెప్పిన 20 వేల ధర ఆ రోజులదే. అప్పుడు మాకూ పండగే.

స్వదేశీ శ్రీను

సరే, పామాయిల్ విషయంలో ఢిల్లీ పాత్ర కొంత ఉందని ఒప్పుకుంటా. కొంత అన్నాను, కస్టమ్స్ గారూ, ఎక్కువ సంబరపడకండి! కానీ పెద్ద ప్రశ్న వదిలేస్తున్నారు. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల పెద్ద వాణిజ్య ఒప్పందం చర్చల నుంచి బయటికి రాకపోయి ఉంటే ఏమయ్యేది? పదిహేను దేశాలు 2020 నవంబరులో సంతకం చేశాయి. ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 30 శాతం వాళ్ళదే. అందులో మనమూ ఉంటే న్యూజిలాండ్ పాలపొడి వచ్చి, రెండు గేదెలు పెట్టుకుని పాల కేంద్రంలో పాలు పోసే ఇంటిని తినేసేది. తప్పించుకున్నాం.

రాజమండ్రి లెక్చరర్

రిటైరయ్యాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నా, పెద్దదైతే దాటేయండి.

శ్రీనూ, ఆర్‌సెప్‌లో ఉన్న పదిహేను దేశాల పేర్లు వేళ్ళమీద లెక్కపెట్టు. ఆసియాన్ పది, వాటితో మనకి అప్పటికే ఒప్పందం ఉంది. కొరియాతో 2010 నుంచి, జపాన్‌తో 2011 నుంచి ఉంది. ఆస్ట్రేలియాతో 2022లో చేసుకున్నాం, అందులో పాల ఉత్పత్తుల్ని పక్కన పెట్టించాం కూడా. ఆస్ట్రేలియాని అలా పక్కన పెడితే, ఆ రోజు కొత్తగా మిగిలింది ఎవరు? న్యూజిలాండ్, చైనా. మనం పారిపోయింది చైనా నుంచి. పాలు ముందు పెట్టుకుని వచ్చాం, ఎందుకంటే గేదె బొమ్మ చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

చైనాతో ఇలాంటి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం లేదు కదా. మరి 2024-25లో దానితో మన లోటు ఎంత? 99 బిలియన్ డాలర్లు. ఆసియాన్ లోటుకి రెట్టింపు పైనే. లోటుకి ఒప్పందమే కారణమైతే ఈ అంకె ఎక్కడిది? అటు మన ఖమ్మం తేజా మిర్చిని చైనా వాళ్ళు అలాంటి ఒప్పందం లేకుండానే కొనుక్కుపోతున్నారు. కావలసిన సరుకు సుంకం కట్టి అయినా వస్తుంది.

అలాగని నేను ఈ ఒప్పందాల భక్తుణ్ణి కాను. 1950లో జేకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త ఒక తేడా చూపించాడు, క్లాసులో ముప్పై ఏళ్ళు అదే చెప్పాను. సుంకం తగ్గితే రెండు జరగొచ్చు. ఖరీదుగా ఇంట్లో చేసుకునేది చవగ్గా బయట నుంచి రావచ్చు, అది లాభం. లేదా చవగ్గా ఇచ్చే పాత దుకాణం మానేసి, సుంకం లేదు కదా అని ఖరీదైన కొత్త దుకాణానికి మళ్ళొచ్చు, అది ప్రపంచానికి నష్టం. 2019లో మలేషియా రిఫైన్డ్ నూనె కథ ఈ రెండోదానికి దగ్గర. 5 శాతం తేడా వల్ల ఇండోనేషియా నుంచి మలేషియాకి వ్యాపారం మళ్ళింది. ప్రపంచంలో ఒక్క గెల కూడా అదనంగా పండలేదు.

ఇలాంటి ఒప్పందాలు ఇప్పుడు ప్రపంచంలో 350కి పైగా అమల్లో ఉన్నాయి. 2001లో దోహాలో మొదలైన ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలన్నిటి చర్చలు మూలపడ్డాక ఎవరికి వారు జతలు కట్టుకున్నారు. దేనికి దాని రూలు. దీన్నే ఆర్థికవేత్త జగదీశ్ భగవతి నూడుల్స్ లాంటి పదార్థంతో పోల్చాడు. మా ఇంట్లో అయితే సేమియా అంటాం, ఒక పోగు లాగితే గిన్నంతా కదులుతుంది. ఆర్‌సెప్ చేసిన అసలు పని ఇక్కడుంది. పదిహేను దేశాలకీ సరుకు పుట్టుక రూలు ఒకటే చేసింది. కొరియా విడిభాగం, చైనా స్క్రీన్, వియత్నాం కూలీ, అన్నీ కలిపి 40 శాతం లెక్క తేలితే చాలు. ఫ్యాక్టరీ పెట్టేవాడు సుంకం ఒక్కటే చూడడు, ఈ సదుపాయం కూడా చూస్తాడు. మనం పోగొట్టుకున్నది అది. గేదెలు దక్కాయి, ఫ్యాక్టరీలు కొన్ని దక్కలేదు. ఏది బరువో ఎవరికి వారు తూచుకోవాలి, నాకైతే ఫ్యాక్టరీల వైపే మొగ్గు.

స్వదేశీ శ్రీను

మాస్టారూ, మీ మొగ్గు మీది. 2020 గల్వాన్ తర్వాత చైనాతో ఒకే ఒప్పందంలో ఉండి ఉంటే రోజూ పార్లమెంటులో ఏం జరిగేదో ఊహించుకోండి. ఫ్యాక్టరీ లెక్క వేసేటప్పుడు అది కూడా కలపాలి.

రాజమండ్రి లెక్చరర్

అది కలపాల్సిందే. ఆ మాట నా క్లాసు నోట్సులో లేదు, ఒప్పుకుంటున్నా.

కస్టమ్స్ కాయితం

అసలు ప్రశ్నకి వద్దాం, రైతు గారు ఎదురుచూస్తున్నారు. పదేళ్ళు సుంకం మార్చకుండా ఉంచడం ఏ ప్రభుత్వం వల్లా కాదండీ, ఎన్నికలు వస్తాయి, పద్మ గారి డబ్బా ధర పెరుగుతుంది. కానీ దానికి విరుగుడుగా 2021 ఆగస్టులో తెచ్చిన వంటనూనెల (పామాయిల్) మిషన్‌లో గిట్టుబాటు ధర ఏర్పాటు ఉంది. 11,040 కోట్ల పథకం. టన్ను గెలలకి టన్ను ముడి పామాయిల్ ధరలో 14.3 శాతం ఫ్యాక్టరీ రైతుకి కట్టాలి, అది గిట్టుబాటు ధర కంటే తగ్గితే తేడా ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. అడగాల్సింది దీన్ని. 2009 సంతకం మీద కోపం తెచ్చుకుంటే ఖాతాలో ఏమీ పడదు.

పెదవేగి రైతు

పథకం కాయితం మా దగ్గరా ఉందండీ. కానీ మా దగ్గర ధర లెక్క కట్టేది గెలల్లో వచ్చే నూనె శాతం మీద. ఆ శాతానికి ఆధారం ఫ్యాక్టరీ లెక్కలే. మా గెలలో నూనె ఎంత వచ్చిందో ఫ్యాక్టరీ చెప్తేనే మాకు తెలిసేది. గట్టు దాటి తెలంగాణ వైపు వెళ్తే శాతం వేరు, ధర వేరు. మా వాళ్ళు కొందరు రాత్రిపూట ట్రాక్టర్ అటు తోలేసేవారు కూడా.

పేరాక్ అన్నయ్యా, మీ దగ్గర ఈ శాతం ఎవరు తేలుస్తారు?

పేరాక్ తెలుగు

మిల్లే, తమ్ముడూ. గెలల కుప్ప చూసి, పచ్చివి ఎక్కువున్నాయని ఒక మాట, కాడ పొడుగుందని ఒక మాట. మా నాన్న ముప్పై ఏళ్ళు మిల్లు గేటు దగ్గర ఈ గొడవే పడ్డారు. తెలుగులో తిట్టేవారు, వాళ్ళకి అర్థం కాదని.

పెదవేగి రైతు

మా వాళ్ళకి అర్థమవుతుంది, అదే ఇబ్బంది. కాటా పిలుస్తోంది, మళ్ళీ వస్తా.