మావారికి ఆటో సీపాప్ తీసుకోవాలా, బైపాప్ తీసుకోవాలా?

శ్రావణి_కె
నమస్కారమండీ. మావారి గురక పాత సంగతే. ఈమధ్య మాత్రం గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి, ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారు. స్లీప్ స్టడీ చేయించాం. ఏహెచ్ఐ (గంటకు ఊపిరి ఆగిన, తగ్గిన సార్లు) 38, అందులో సెంట్రల్ (మెదడు నుంచి సంకేతం రాక ఆగేవి) దాదాపు లేనట్టే, రక్తంలో ఆక్సిజన్ 76 శాతం దాకా పడిపోయింది. డాక్టరుగారు 'ఆటో సీపాప్, 6–14' అని రాశారు, అంటే నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషీన్, ఆ ఒత్తిడిని 6 నుంచి 14 మధ్య అదే సర్దుకుంటుందట. మెషీన్లు అమ్మే అతనేమో బైపాప్ అయితే ఊపిరి వదలడం సుఖమని అదే అంటగట్టాలని చూస్తున్నాడు, ఖరీదు చాలా ఎక్కువ. బంధువుల దగ్గర పాత ఫిలిప్స్ డ్రీమ్‌స్టేషన్ అనే సీపాప్ మెషీన్ ఖాళీగా ఉంది, ఊరికే ఇస్తామంటున్నారు. ఈయనకు ముక్కు దిబ్బడ, నోరు తెరిచి పడుకుంటారు. మీసం మాత్రం తియ్యరట. ఏం చెయ్యమంటారు?

గాలిగొట్టం
శ్రావణిగారూ, డాక్టరు రాసిందే కొనండి. బైపాప్‌లో గాలి పీల్చేటప్పుడు ఒక ఒత్తిడి, వదిలేటప్పుడు ఇంకొకటి. మామూలు సీపాప్ 20 సెంటీమీటర్ల (గాలి ఒత్తిడిని నీటి ఎత్తుతో కొలుస్తారు) దగ్గర ఆగిపోతుంది, బైపాప్ అంతకు మించి ఇవ్వగలదు. ఎక్కువ ఒత్తిడి తట్టుకోలేనివాళ్లకీ, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవాళ్లకీ అది అవసరం. 6–14 రాసిన మనిషికి మొదటి రోజే ఎందుకు? ఊపిరి వదలడం గురించే ఆ అమ్మే అతని బాధైతే, ఆటో మెషీన్లలోనూ ఆ సదుపాయం ఉంది. రెస్‌మెడ్ కంపెనీ మెషీన్లలో దాన్ని ఈపీఆర్ అంటారు, వదిలేటప్పుడు ఒత్తిడిని 1 నుంచి 3 సెంటీమీటర్ల దాకా తగ్గిస్తుంది.

నేను పట్టుబట్టేది ఒక్కటే: డేటా. వాడిన గంటలు మాత్రమే చూపించే మెషీన్ వద్దు. మెషీన్ వాడుతున్నా ఇంకా మిగిలి ఉన్న ఏహెచ్ఐ, గాలి లీకు, ఒత్తిడి, ఈ మూడూ రాత్రంతా మెషీన్‌లోని మెమరీ కార్డులో నమోదవ్వాలి. నాకు తెల్లవారుజామున మెలకువ వచ్చేసేది. మెషీన్ తెరమీద ఏహెచ్ఐ బాగానే ఉండేది. కార్డు తీసి ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, నాలుగింటి దగ్గర లీకు గీత నిట్టనిలువుగా లేచింది, దాని వెనకే ఒత్తిడీ ఎక్కింది. నోరు తెరుచుకుంటోందన్నమాట. మాస్కు మార్చాక ఆ గీత పడుకుంది, నేనూ పడుకున్నాను.

పాత డ్రీమ్‌స్టేషన్ సంగతి: చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన పాలియురెథేన్ ఫోమ్ పొడిపొడిగా రాలి గాలిలో కలిసే ప్రమాదముందని 2021 జూన్‌లో ఫిలిప్స్ వాటిని వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు చూసి, ఫోమ్ మార్చారో లేదో తేలేదాకా ప్లగ్గు కూడా పెట్టొద్దు. ఊరికే వచ్చినా సరే.

స్లీప్‌ల్యాబ్_టెక్
పై అన్నయ్య డేటా మీద చూపించే ప్రేమలో సగం మాస్కు మీద చూపిస్తే బాగుండేది :) మెషీన్ ఏదైనా సర్దుకుపోవచ్చు, మాస్కు కుదరకపోతే వారంలో అటకెక్కుతుంది.

నోరు తెరిచి పడుకుంటారు కాబట్టి ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్ మాస్కుతో మొదలుపెట్టండి. కానీ ఆ నోరు తెరుచుకునేది ముక్కు దిబ్బడ వల్లేనేమో ఈఎన్‌టీకి చూపించండి. గాలికి తేమ చేర్చే వేడి హ్యుమిడిఫయర్ పెడితే చాలామందికి ముక్కు తేలికపడుతుంది, అప్పుడు చిన్న మాస్కుకి మారొచ్చు. మీసానికి దిగులు లేదు, ఫుల్ ఫేస్ మాస్కులో అది లోపలే ఉండిపోతుంది. చిక్కంతా గడ్డంతోనే.

మాస్కుని కుర్చీలో కూర్చుని చూసి కొనకండి. పడుకోబెట్టి, మెషీన్‌ని 14 దగ్గర పెట్టించి, అటూ ఇటూ పక్కకు ఒత్తిగిలమనండి. లీకైతే అందరూ పట్టీలు బిగిస్తారు, దాంతో ఇంకా లీకవుతుంది. అంచున ఉండే పల్చటి సిలికాన్ పొర గాలికి ఉబ్బి ముఖానికి అతుక్కోవాలి. బిగిస్తే అది నలిగిపోతుంది. పట్టీలు వదులు చేసి, మాస్కు కొంచెం ముందుకు లాగి వదలండి, దానంతటదే కూర్చుంటుంది.

రాత్రిపక్షి
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఉంది. దీనికి అది పనికిరాదా?

గాలిగొట్టం
రాదు తమ్ముడూ. గొంతు మూసుకుపోయినప్పుడు ఆక్సిజన్ ఇచ్చినా లోపలికి వెళ్లే దారేది? సీపాప్ ఆ దారిని తెరిచి ఉంచుతుంది.

శ్రావణి_కె
అందరికీ థాంక్సండీ. మావారు ఇదంతా చదివి, 'మీసం లోపలే ఉంటుందట' అని ఆ ఒక్క ముక్కే పట్టుకున్నారు. ఆటోనే తీసుకుంటున్నాం. రాత్రి కరెంటు పోతే మాస్కులో ఊపిరాడుతుందా?

స్లీప్‌ల్యాబ్_టెక్
ఆడుతుంది మేడమ్. ఫుల్ ఫేస్ మాస్కులో ఒక చిన్న వాల్వు ఉంటుంది, ఒత్తిడి ఆగగానే తెరుచుకుని బయటి గాలి వస్తుంది. కొనేముందు అది చేత్తో కదిపి చూడండి. బ్యాటరీ పెట్టుకుంటే హ్యుమిడిఫయర్, వేడి ట్యూబు ఆపేయండి, కరెంటు ఎక్కువగా తాగేవి అవే. రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10, 11 మెషీన్లు నడిచేది 24 వోల్టుల మీద, 12 వోల్టుల బ్యాటరీ నేరుగా తగిలించకూడదు, కన్వర్టర్ కావాలి.

హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటరే పొయ్యండి, పొద్దున్నే మిగిలింది పారబోసి ఆరబెట్టండి. మొదట్లో సాయంత్రం టీవీ చూస్తూ కాసేపు మాస్కు పెట్టుకోమనండి. అన్నట్టు, సైజు కుదరకపోతే మాస్కు మార్చి ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే బిల్లు మీద రాయించుకోండి.