అప్‌డేట్: ఇంగ్లండ్ కాలువలో అమ్మానాన్నలతో పడవ ప్రయాణం

పడవ నడపడం రాని మేము పెద్దవాళ్లతో నారోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి, పొడవాటి పడవ) అద్దెకు తీసుకోవచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. లైసెన్సు అక్కర్లేదు, అద్దెకిచ్చినవాళ్లే నేర్పారు.

మీలో చాలామంది చెప్పినట్టే కెనెట్ అండ్ ఏవన్ కాలువలో బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ అనే ఊరి నుంచి బాత్ నగరం వైపు వెళ్లాం. ఆ ఊరి లాక్ (నీటిమట్టం మారేచోట పడవను పైకెత్తే, కిందికి దించే గేట్ల గది) దాటాక బాత్ చేరేదాకా లాక్‌లే లేవు, అమ్మానాన్నలకు అదే పెద్ద సుఖం. డివైజిస్ దగ్గర కేన్ హిల్‌లో 29 లాక్‌లు ఉన్నాయి. అటు వెళ్లమన్నవాళ్లకు దండం!

వేగం గంటకు 4 మైళ్లు మించకూడదు. గట్టున నడిచేవాళ్లు మమ్మల్ని దాటిపోతుంటే నాన్నకు ఒకటే నవ్వు. టిల్లర్‌తో (పడవను తిప్పే వెనకాల కర్ర) మాత్రం మొదట్లో టెన్షనే, పడవ కుడికి తిరగాలంటే దాన్ని ఎడమకు తోయాలి. పైగా పడవ వెంటనే తిరగదు, కాసేపాగి తిరుగుతుంది. కట్టేసి ఉన్న పడవల పక్కన ఇంకా నెమ్మదిగా పోవాలి, లేకపోతే అలలకు వాటి తాళ్లు లాగేస్తాయి.

డండస్ ఆక్విడక్ట్ (కాలువను మోసే వంతెన) మీద కాలువ ఏవన్ నదిని దాటుతుంది. కింద నది, పైన మన పడవ! అమ్మ అక్కడే టీ పెట్టింది.

టాయిలెట్ ట్యాంకు గురించి అడిగినవాళ్లకు: మాది పంపుతో ఖాళీ చేసే రకం, మా చేతులు పెట్టాల్సిన పని రాలేదు.