వార్డులు మూసేశాక బెడ్‌సైడ్ క్లినిక్స్ ఎలా?

ప్రశ్న (కోవిడ్ మహమ్మారి రోజుల్లో అడిగినది):
మహమ్మారి వల్ల మూడో ఏడాది వైద్య విద్యార్థులను వార్డుల్లోకి రానివ్వడం లేదు, పేషెంటు మంచం దగ్గర నేర్పే బెడ్‌సైడ్ క్లినిక్స్ ఆగిపోయాయి. థియరీ ఆన్‌లైన్‌లో సాగిపోతోంది. హిస్టరీ (పేషెంటును అడిగి జబ్బు వివరాలు రాబట్టడం), పెర్కషన్ (వేలితో తట్టి శబ్దం వినడం), ఆస్కల్టేషన్ (స్టెతస్కోప్‌తో వినడం), బీపీ చూడడం మాత్రం వీడియోలు చూస్తే వచ్చేవి కావు. ఇళ్లలో ఉన్న విద్యార్థులతో వీటిని ఎంతవరకు చేయించొచ్చు?

జవాబు 1:
హిస్టరీ స్క్రీన్ మీద బాగానే వస్తుంది. బ్యాచ్‌కి ఆరుగురు చాలు, అంతకు మించితే మాట్లాడేది ఇద్దరే. ఒకరికి పేషెంటు పాత్ర ముందురోజే రాసి పంపండి: తనంతట తాను ఏం చెప్పాలి, అడిగితేనే ఏం చెప్పాలి. ఇంకొకరు ఎనిమిది నిమిషాలు అడుగుతారు. మిగతావాళ్లు కెమెరా ఆపి, అడగకుండా వదిలేసిన ప్రశ్నలు రాసుకోవాలి. తర్వాత రిపోర్టులు ఒక్కొక్కటే బయటపెట్టండి. ప్రతిదానికీ ముందు "ఇది ఎందుకు కావాలి? ఏం వస్తే నీ డయాగ్నసిస్ మారుతుంది?" అని అడగాలి. అన్నీ ఒకే స్లైడులో పెడితే ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు.

గుండె చప్పుళ్లు మాత్రం వీడియో కాల్‌లో వినిపించొద్దు. నాయిస్ తీసేసే క్రమంలో యాప్ తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలనూ మింగేస్తుంది, ఎస్3 (గుండె మూడో చప్పుడు) పోతుంది. ఫోన్ స్పీకరూ అంతే. ఆడియో ఫైలు ముందే పంపి ఇయర్‌ఫోన్స్‌తో వినమనండి.

జవాబు 2:
పెర్కషన్ ఇంట్లోనే కుదురుతుంది, అయితే కెమెరాను పక్కనుంచి పెట్టించాలి. ఎదురుగా పెడితే మణికట్టు కదలిక తెలియదు, తప్పంతా జరిగేది అక్కడే. ఎడమ మధ్యవేలు ఒక్కటే గట్టిగా ఆనాలి. మిగతా వేళ్లు తగిలితే శబ్దం అణగిపోతుంది. కుడి మధ్యవేలి కొసతో ఆ వేలి చివరి కీలు మీద కొట్టి వెంటనే ఎత్తేయాలి. ఊపు మోచేతి నుంచి రాకూడదు. తేడా తెలియడానికి సొంత ఒళ్లే చాలు: తొడ మీద, ఛాతీ పైభాగంలో, కుడివైపు కింది పక్కటెముకల దగ్గర వరసగా కొట్టి చూడమనండి.

బీపీకి చేత్తో గాలి కొట్టే మెషీనే కావాలి, డిజిటల్‌ది పనికిరాదు. కఫ్ లోపలి బ్లాడర్ చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. ముందు రేడియల్ పల్స్ (మణికట్టు దగ్గర నాడి) పట్టుకుని గాలి ఎక్కించి, అది ఆగిపోయిన అంకె చూసి, గాలి మొత్తం తీసేయాలి. మళ్లీ ఆ అంకె కన్నా 30 మి.మీ. ఎక్కువ దాకా ఎక్కించి, స్టెతస్కోప్‌తో వింటూ సెకనుకు 2–3 మి.మీ. చొప్పున దించాలి. పల్స్ చూడకుండా దాటేస్తే ఆస్కల్టేటరీ గ్యాప్ (దించేటప్పుడు మధ్యలో కాసేపు చప్పుడు వినిపించకపోవడం) ఉన్నవాళ్లలో సిస్టాలిక్ (పై అంకె) తక్కువగా వస్తుంది. గబగబా దించినా అంతే, పైగా డయాస్టాలిక్ (కింది అంకె) ఎక్కువ చూపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడింది. పొట్ట పాల్పేషన్ (చేత్తో నొక్కి చూడడం) సంగతి?

జవాబు 3:
చెయ్యి ఎలా పెట్టాలో, ఎలా కదపాలో ఇంట్లోవాళ్ల మీద వస్తుంది. పెరిగిన స్ప్లీన్ (ప్లీహం) వేలికి తగలడం మాత్రం పేషెంటు దగ్గరే. ఫండోస్కోపీ (కంటి లోపలి వెనకభాగం చూడడం), పీఆర్ (మలద్వారంలో వేలితో పరీక్ష) కూడా అంతే. దయచేసి వీటికి లాగ్‌బుక్‌లో "అయింది" అని సంతకం పెట్టకండి. విద్యార్థివారీగా విడిగా రాసి ఉంచితే, వార్డులు తెరిచాక మొదటి పోస్టింగు వాటితోనే మొదలుపెట్టొచ్చు.

వార్డు లోపలికి పంపే ముందు పీపీఈ (రక్షణ దుస్తులు, మాస్కు వగైరా) విప్పడం పక్కన ఒకరు చూస్తుండగా చేయించాలి. ఒంటికి వైరస్ అంటేది ఎక్కువగా విప్పేటప్పుడే. మాస్కు అన్నిటికన్నా చివర, గది బయటికొచ్చాక, ముందుభాగం ముట్టుకోకుండా వెనక పట్టీలు పట్టుకుని తీయాలి. గడ్డం ఉంటే ఎన్95 ముఖానికి సరిగ్గా అతుక్కోదు, గీయించుకోమని ముందే చెప్పండి.