డీజే మోతకు గబ్బిలాలు దారి తప్పుతాయా?

మహేంద్రతనయ: పర్లాకిమిడిలో మా వీధి చివర మర్రిచెట్టుకి పెద్ద గబ్బిలాలు వందల్లో వేలాడేవి. మొన్న మధ్యాహ్నం పెళ్ళి ఊరేగింపులో డీజే బండిని సరిగ్గా ఆ చెట్టు కిందే గంటన్నర ఆపారు. పట్టపగలే లేచి గిరగిరా తిరిగాయి. మర్నాటికి సగం లేవు. చెవులతో బతికే జీవాలు, దారి తప్పి ఉంటాయి. ఏమంటారు?

సౌండ్‌బాబు: అన్నా, అవి అరిచి, ఆ ప్రతిధ్వని విని దారి వెతుకుతాయి, ఆ అరుపు మనకు వినపడనే వినపడదు. మన చెవి 20 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి ఇరవై వేల కంపనాల దగ్గర ఆగిపోతుంది. నోబువో సుగా అనే శాస్త్రవేత్త మీసాల గబ్బిలం మెదడు చూస్తే, అందులో పెద్ద ముక్క ఒకటి 61 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ప్రతిధ్వని కోసమే ఉంది. బాస్ మోగించే నా సబ్‌వూఫర్ 100 హెర్ట్జ్ లోపే. ఎక్కడి పొంతన?

కాశీనగర్ పిల్ల: పొంతన సంగతేమో గానీ, ఆ రోజు మా పిన్ని గారింట్లో అలమరలో గిన్నెలు కదిలాయి.

మహేంద్రతనయ: 61 కాదు, 600 చెప్పు. నేను కళ్ళారా చూశా. డీజేలో బాస్ ఒక్కటే ఉంటుందా?

సౌండ్‌బాబు: గబ్బిలం తన అరుపుకి తన చెవే దిమ్మెక్కకుండా చెవిలోపలి కండరాన్ని బిగిస్తుంది, ప్రతిధ్వని వచ్చేసరికి వదులుతుంది. అంత తెలివైన దానికి నా డీజే ఒక లెక్కా?

రాయగడ మాస్టారు: ఇద్దరూ వేరే గబ్బిలం గురించి కొట్టుకుంటున్నారు. పురుగు 1.7 మీటర్ల దూరంలో ఉంటే అరుపు వెళ్ళి తిరిగొచ్చేందుకు 10 మిల్లీసెకన్లు. మెదడులో కొన్ని కణాలు ఆ ఆలస్యానికే పలుకుతాయి, 4 మిల్లీసెకన్లకు ఇంకొన్ని. అలా వరుసగా పేర్చి ఉంటాయి, మెదడులో టేపు పరిచినట్టు. అయితే ఇది పురుగులు తినే చిన్న గబ్బిలాల విద్య. మర్రిపళ్ళు తినే మీ పెద్దవాటికి అది లేదు, కళ్ళూ ముక్కే దిక్కు. గుహల్లో ఉండే ఒక రకం పండ్ల గబ్బిలం నాలుకతో టకటకమనిపించి దారి చూసుకుంటుంది, అది వేరే కథ.

సౌండ్‌బాబు: విన్నారా! ప్రతిధ్వనే లేకపోతే దారి తప్పడమేమిటి?

రాయగడ మాస్టారు: తప్పలేదు బాబూ, బెదిరాయి. పగలు వాటికి నిద్ర.

మహేంద్రతనయ: బండి నీదే కాబట్టి వెనకేసుకొస్తున్నావు.

సౌండ్‌బాబు: అవును, నాదే! స్టేషన్‌కి ఫోన్ చేసిందెవరో నాకు తెలీదా? ఆంప్లిఫయర్ పట్టుకుపోయారు. రెండు పెళ్ళిళ్ళ అడ్వాన్సు తిరిగిచ్చా. మీ అమ్మాయి పెళ్ళికి నా సెట్టే పెట్టించారు కదా, అప్పుడు చెట్టు మీద గబ్బిలాలు లేవా?

మహేంద్రతనయ: ఉన్నాయి. అప్పుడు మా నాన్న బాగున్నారు. ఇప్పుడు గుండె ఆపరేషన్ అయి పదిరోజులు. ఆపమని రెండుసార్లు వచ్చి అడిగా. పెళ్ళన్నాక ఇంతేనన్నాడు నీ కుర్రాడు. వీధిలో ఎవరికి చెప్పినా అదే మాట. గబ్బిలాల మాటైనా వింటారేమోనని ఇక్కడ రాశా.

సౌండ్‌బాబు: ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు అన్నా.

కాశీనగర్ పిల్ల: గబ్బిలాలు తిరిగొచ్చాయా మరి?

మహేంద్రతనయ: నిన్న సాయంత్రం లెక్కపెట్టా. ముప్పై నాలుగు.