బిగ్ ఐలాండ్‌లో 5 రాత్రులు: బస అంతా కోనాలోనేనా, వోల్కనో దగ్గర కూడానా?

తూర్పుగాలి:
హవాయి బిగ్ ఐలాండ్‌కి వెళ్తున్నాం. మేమిద్దరం, 8 ఏళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న (ఇద్దరికీ 65 దాటాయి). విమానం రానూపోనూ పడమటి తీరంలోని కోనాకే. ఐదు రాత్రులూ కోనాలోనే ఉండి, వోల్కనోస్ నేషనల్ పార్కుకి ఒక పగలు వెళ్ళొస్తే చాలని కొందరు, పార్కు దగ్గర పడుకోకపోతే వెళ్ళడమే దండగని కొందరు. మీరేమంటారు?

కొండదారి:
రెండు బసలే. కోనా నుంచి పార్కుకి 11వ నంబరు హైవే మీద 96 మైళ్ళు, రెండు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. రానూపోనూ ఐదు గంటలు కారులోనే పోతాయి. దాన్నైనా సర్దుకోవచ్చు గానీ, హలేమావుమావు బిలంలో (అక్కడి కిలావెయా అగ్నిపర్వతం నోరు) లావా ఎరుపు కనబడేది చీకటి పడ్డాకే. అది చూసి తొమ్మిదికి బయల్దేరితే కోనా చేరేసరికి పదకొండున్నర. కాఊ (ద్వీపం దక్షిణ భాగం) వైపు చాలా దూరం వీధిదీపాలుండవు, మలుపులు ఎక్కువ. అందుకే పగటికి వచ్చినవాళ్ళు ఐదింటికల్లా తిరుగుముఖం పడతారు, చూడాల్సింది చూడకుండానే. పార్కు 24 గంటలూ తెరిచే ఉంటుంది. పార్కు పక్కనే ఉన్న వోల్కనో అనే ఊళ్ళో పడుకుంటే తెల్లవారుజామునే లోపలుండొచ్చు.

ఉప్పుగాలి:
ఎరుపు ఉంటే కదండీ! 2024 డిసెంబరు 23న మొదలైన విస్ఫోటనం తీరు చూడండి. లావా ఫౌంటెన్ ఒకసారి లేచిందంటే చాలావరకు ఒక్క రోజు లోపే ఆగిపోతుంది. తర్వాత కొన్ని రోజులో, వారాలో విరామం. ఆ విరామంలో వెళ్తే పొగ, ఉంటే కాస్త ఎర్రటి వెలుగు. ఈ లాటరీ కోసం ఐదుగురి పెట్టెలు సర్ది, పదకొండింటికి చెక్ అవుట్ చేసి, మూడు దాకా గది కోసం కాచుక్కూర్చోవాలా? ఊరు 4,000 అడుగుల ఎత్తున ఉంది. చలి, ముసురు. హోటళ్ళు తొందరగా మూసేస్తారు, పెద్దవాళ్ళు శాకాహారులైతే మరీ కష్టం. స్నోర్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ళలోకి చూడడం), రాత్రిపూట మాంటా రేలనే పెద్ద చేపల్ని చూపించే పడవలు అన్నీ కోనా వైపే.

కొండదారి:
ఎప్పుడు లేస్తుందో తెలియదు కాబట్టే దగ్గరుండాలంటున్నాను. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ళ హవాయి వోల్కనో అబ్జర్వేటరీ తర్వాతి ఫౌంటెన్ ఏ రోజుల మధ్య రావచ్చో అంచనా వేసి పెడుతుంది, లైవ్ కెమెరాలూ ఉన్నాయి. రాత్రి రెండింటికి మొదలైతే ఊళ్ళో ఉన్నవాళ్ళు పది నిమిషాల్లో వెళ్ళి చూస్తారు. కోనాలో ఉన్నవాళ్ళు ఫోన్లో చూస్తారు.

పెట్టెలు మార్చే రోజు దండగేం కాదు. పొద్దున ఎనిమిదికి కోనాలో బయల్దేరి, దారిలో పునలువు నల్ల ఇసుక తీరం దగ్గర ఆగండి (తాబేళ్ళకు కనీసం 10 అడుగుల దూరం పాటించాలి, ఇసుక తీసుకురాకూడదు). మధ్యాహ్నానికి పార్కు. తిరుగు ప్రయాణం తూర్పు తీరంలోని హీలో, అకాకా జలపాతం (442 అడుగులు), ద్వీపం మధ్యగా పోయే సాడిల్ రోడ్డు మీదుగా. ఒకే రోడ్డు మీద రెండుసార్లు నడపక్కర్లేదు.

బసాల్టు:
ఇద్దరూ గాలి సంగతి వదిలేశారు. అక్కడ మామూలుగా వీచే ఈశాన్య గాలులు సల్ఫర్ డయాక్సైడ్‌ని నైరుతి వైపు తోస్తాయి, అంటే కాఊ మీదుగా కోనాకే. కోనాలో ఉంటే అగ్నిపర్వతం పొగ తప్పుతుందనుకోవద్దు. పెద్దవాళ్ళకి ఆస్తమా, గుండె జబ్బు ఉంటే రోజూ గాలి నాణ్యత చూసి బయల్దేరండి. ఫౌంటెన్ లేచినప్పుడు గాలివాటున సన్నటి గాజుపోగులు రాలతాయి, పెలే జుట్టు అంటారు. పొడుగు చేతుల చొక్కా, మాస్కు ఉండాలి, కాంటాక్ట్ లెన్సులు తీసెయ్యాలి. కారు అద్దం మీద పడితే వైపర్లు వెయ్యకండి, గీతలు పడతాయి. ముందు నీళ్ళతో కడగండి.

లావా సముద్రంలో పడే దృశ్యం కోసం అమ్మానాన్నకి ఆశపెట్టకండి. 1983లో మొదలైన ఆ ధార 2018తో ఆగిపోయింది. చైన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు మాత్రం దిగండి. 19 మైళ్ళు, చివర హోలై రాతి తోరణం. పెట్రోలు, తిండి దారిలో దొరకవు, ఊళ్ళోనే ట్యాంకు నింపుకోండి, పులిహోర డబ్బా పెట్టుకోండి. ప్రవేశం కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నగదు తీసుకోరు, కార్డు ఉండాలి.

తూర్పుగాలి:
బాబుతో కిలావెయా ఇకి (పార్కులోని మరో బిలం) నడక కుదురుతుందా? సాడిల్ రోడ్డు మీద వస్తే మౌనా కియా పర్వతం కూడా కలుపుకోవచ్చా?

బసాల్టు:
నడక కుదురుతుంది. చుట్టు మొత్తం 3.3 మైళ్ళు, 400 అడుగులు దిగి ఎక్కాలి, రెండుమూడు గంటలు. ముందు అంచు వెంట నడిచి, పడమట దిగి, నాహుకు లావా గుహ వైపు ఎక్కండి. మీరు తొక్కేది 1959లో నిండిన లావా చెరువు. అప్పటి ఫౌంటెన్ 1,900 అడుగులు లేచింది. అడుగున దారి గుర్తుగా రాళ్ళు పేర్చి ఉంటాయి, వాటిని కదపొద్దు, పక్కకి పోవద్దు. ఆవిరి పగుళ్ళుంటాయి. మెట్లు ఎగుడుదిగుడు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అంచు దగ్గరే ఆగడం మేలు. పార్కింగు పదింటికే నిండిపోతుంది, ఎనిమిదికి చేరండి.

రెండోగేరు:
మౌనా కియా శిఖరం మీకు కాదు. 13,803 అడుగులు. సముద్రమట్టంతో పోలిస్తే ఆక్సిజన్ 40 శాతం తక్కువ. 13 ఏళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్ళొద్దంటారు, గుండె జబ్బున్నవాళ్ళనీ అంతే. 9,200 అడుగుల దగ్గర సందర్శక కేంద్రం దాటితే ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి. దిగేటప్పుడు లో గేరులో రాకపోతే బ్రేకులు కాలిపోతాయి. చాలా అద్దె కార్ల ఒప్పందాలు ఆ దారిని ఒప్పుకోవు కూడా. కేంద్రం దగ్గరే ఆగితే నక్షత్రాలు బ్రహ్మాండంగా కనబడతాయి, స్వెట్టర్లు మాత్రం మరిచిపోవద్దు. స్కూబా చేస్తే 24 గంటలు ఆగాకే పైకి.

ఉప్పుగాలి:
సరే, కొండదారి గారి చుట్టు ప్రయాణం బాగానే ఉంది. కానీ రెండో బస వోల్కనో ఊళ్ళో ఎందుకు? అక్కడి అద్దె ఇళ్ళలో చాలావాటికి రద్దు నిబంధనలు కఠినం, రెండు రాత్రులకి తక్కువ ఇవ్వనివీ ఉన్నాయి. హీలోలో మామూలు హోటలు తీసుకోండి. పార్కుకి 30 మైళ్ళు, 45 నిమిషాలు. తిండి దొరుకుతుంది, చలి ఉండదు, రద్దు చేసుకోవడం తేలిక. అబ్జర్వేటరీ అంచనా మీ తేదీలకి దూరంగా ఉంటే ఒక రాత్రి తగ్గించి కోనాలో కలుపుకోండి.

కొండదారి:
హీలోలో వాన ఊళ్ళోకంటే తక్కువేం కాదు, రాత్రి రెండింటి బేరం 45 నిమిషాలతో సగం చెడినట్టే. అయినా పెద్దవాళ్ళున్నారు కాబట్టి హీలోకి అభ్యంతరం లేదు. రెండు రాత్రులకి మాత్రం తగ్గించకండి. మొదటి రాత్రి మబ్బు కమ్మితే బిలంలో ఏమీ కనబడదు.