బాబు అసెస్‌మెంట్ విషయంలో ప్లేస్కూల్‌తో కుదరడం లేదు, ఏం చేయమంటారు?

మా బాబుకి మూడున్నరేళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్లేస్కూల్‌కి వెళ్తున్నాడు. మాటలు రావట్లేదని, పిలిస్తే పలకట్లేదని, వాళ్లు చెప్పిన సెంటర్‌లోనే అసెస్‌మెంట్ (ఎదుగుదల ఎలా ఉందో చూసే పరీక్ష) చేయించి నెలలోగా రిపోర్ట్ తెమ్మన్నారు. లేదంటే వచ్చే ఏడాది సీటు కష్టమట.

పరీక్ష చేయించడానికి మాకేం అభ్యంతరం లేదు. ఏదైనా ఉంటే ఎంత త్వరగా తెలిస్తే అంత మంచిది. కానీ స్కూల్లో అడిగేదంతా ఇంగ్లీషులోనే. మొన్న నా ఎదురుగానే గొడుగు బొమ్మ చూపించి "వాటీజ్ దిస్" అంటే వాడు నా చున్నీ పట్టుకుని తల దించుకున్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ మెల్లగా "అమ్మా, గొడుగు" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు చెవుల పరీక్ష చేయించి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తీసుకెళ్దామనుకుంటున్నాం. అక్కడ తెలుగులో మాట్లాడించి చూస్తారా? ఆ రిపోర్ట్ స్కూలు ఒప్పుకోనంటే? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న స్కూళ్లు వైకల్యం పేరుతో పిల్లల్ని కాదనకూడదు కదా, అది ప్లేస్కూళ్లకీ వర్తిస్తుందా? గట్టిగా మాట్లాడితే బాబుని వేరుగా చూస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది ఎదుర్కొన్న తల్లిదండ్రులెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.