అప్‌డేట్: చెన్నై వానలో ఆరని బట్టలు, పేరుకుపోయిన పని

వేళచ్చేరిలో నాలుగు రోజులుగా వాన, బట్టలు ఆరట్లేదు, ఆఫీసు పని పేరుకుపోయింది, ఏది ముందు చేయాలని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పినట్టే బట్టలతో మొదలుపెట్టాను. రెండోసారి స్పిన్ తిప్పి, హాల్లో తాడు కట్టి, బట్టకీ బట్టకీ జానెడు ఎడం వదిలి ఫ్యాన్ వేశాను. కిటికీ ఓరగా తెరిచే ఉంచాను, మూసేస్తే తేమ గదిలోనే ఉండిపోతుంది. జీన్స్ తిరగేసి ఆరేస్తే తెల్లారేసరికి జేబులు కూడా పొడిబారాయి!

బీరువాలో అమ్మ పట్టుచీర మడత మీద తెల్లటి బూజు చూసి ప్రాణం ఉసూరుమంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో గాలికి వేశాను. మచ్చ పడలేదు.

కరెంటు ఉన్నప్పుడే కాల్స్, మెయిల్స్ ముగించి, పోయినప్పుడు రిపోర్టులు రాశాను. ఇంకా రెండే మిగిలాయి. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా ఉంటాయి, తాడు విప్పట్లేదు. అందరికీ చాలా థాంక్స్.